మీ కంప్యూటర్‌కు నంబరు ఎవరివ్వాలి: మీరా, రౌటరా?

జూన్‌లో ఒక సాయంత్రం భీమవరం నుంచి మా మేనమామ కూతురు ఫోన్ చేసింది. "వదినా, ఇంట్లో కొత్తగా ఫైబర్ నెట్ పెట్టించారు. ఫోన్లన్నిటికీ బాగానే వస్తోంది. కంప్యూటర్లో యూట్యూబ్ కూడా ఆడుతోంది. కాలేజీ దరఖాస్తు సైటు ఒక్కటే తెరుచుకోవట్లేదు. ఈ రాత్రి పన్నెండింటితో గడువు అయిపోతుంది" అంది. మార్కుల మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఫొటో, సంతకం అన్నీ స్కాన్ చేసి ఆ డెస్క్‌టాప్‌లోనే దాచుకుంది.

సైటు పడిపోయిందేమో అనుకుని హైదరాబాద్‌లో నా ల్యాప్‌టాప్‌లో తెరిచాను. వచ్చింది. అదే వైఫైలో ఉన్న తన ఫోన్లో చూడమన్నాను. అక్కడా వచ్చింది. అంటే సైటులో తప్పు లేదు, కొత్త కనెక్షన్‌లోనూ లేదు. రౌటర్ నుంచి వచ్చే కేబుల్ పీకేసి, ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి, మొబైల్ డేటాను ఇవ్వమన్నాను. దీన్నే యూఎస్‌బీ టెథరింగ్ అంటారు. సైటు వెంటనే తెరుచుకుంది. కానీ ఆ ఇంట్లో మొబైల్ సిగ్నల్ అంతంత మాత్రం. ఫైళ్లు ఎక్కించే దగ్గర చక్రం తిరుగుతూనే ఉండిపోయింది.

అయినా ఆ ప్రయత్నం వృథా పోలేదు. కంప్యూటర్ అదే, విండోస్ అదే, బ్రౌజర్ అదే. ఫోన్ ద్వారా వెళ్తే సైటు వస్తోంది, కొత్త ఫైబర్ ద్వారా వెళ్తే రావడం లేదు. ఇక చూడాల్సింది కేబుల్ గుచ్చే ఈథర్నెట్ అడాప్టర్ సెట్టింగులే. తెరిచి చదవమన్నాను. ఐపీ అడ్రసు 192.168.1.25, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, డిఫాల్ట్ గేట్‌వే 192.168.1.1, కింద డీఎన్ఎస్ సర్వర్లంటూ మరో రెండు నంబర్లు. అన్నీ ఎవరో చేత్తో టైపు చేసినవి.

ఎవరో కాదు, సుమారు పదేళ్ల కిందట కేబుల్ నెట్ పెట్టడానికి వచ్చిన కుర్రాడు. మావయ్య ఆ నంబర్లను పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకుని, కంప్యూటర్ బల్ల సొరుగులో భద్రంగా ఉంచారు. కేబుల్ నెట్ ఎప్పుడో మానేసినా కాగితం మాత్రం అక్కడే ఉంది. "వాటి జోలికి పోకమ్మా, అవి పోతే మళ్లీ నెట్ రాదు. ఆ అబ్బాయి గట్టిగా చెప్పి వెళ్లాడు" అని పక్క నుంచి ఆయన గొంతు వినిపించింది. ఆ అబ్బాయి చెప్పింది ఆ రోజుకు నిజమే. ఆ నెట్‌వర్క్‌లో ఆ నంబర్లు లేకపోతే నెట్ వచ్చేది కాదు. ఇప్పుడు అవే నంబర్లు అడ్డం పడుతున్నాయి.

వీధి మారినా పాత చిరునామా

ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే ఐపీవీ4 అడ్రసు 32 బిట్ల సంఖ్య. మనం చదువుకోవడానికి వీలుగా దాన్ని ఎనిమిదేసి బిట్ల నాలుగు ముక్కలుగా విడగొట్టి, మధ్యలో చుక్కలు పెట్టి రాస్తారు. ఎనిమిది బిట్లలో పట్టేది 0 నుంచి 255 వరకే. అందుకే ఐపీ అడ్రసులో 255ను మించిన అంకె కనబడదు.

సబ్‌నెట్ మాస్క్ పని ఆ సంఖ్యను రెండుగా కోయడం. 255 అంటే బైనరీలో ఎనిమిదీ ఒకట్లే, 0 అంటే ఎనిమిదీ సున్నాలే. ఒకట్లు ఉన్నంత మేర వీధి పేరు, సున్నాలు ఉన్నంత మేర ఇంటి నంబరు అనుకోండి. మావయ్య కంప్యూటర్ 192.168.1 అనే వీధిలో 25వ ఇల్లు. ఎవరికైనా డేటా పంపే ముందు కంప్యూటర్ చూసేది ఒక్కటే: అవతలి వాళ్లది మన వీధేనా, కాదా? మన వీధే అయితే నేరుగా ఇచ్చేస్తుంది. కాకపోతే గేట్‌వే చేతిలో పెడుతుంది. గేట్‌వే అంటే వీధి చివర ఉండి బయటి ప్రపంచానికి దారి చూపించే పరికరం, ఇళ్లలో అయితే రౌటర్.

ఇందులో ఒక షరతు ఉంది. సాధారణంగా ఇళ్లలో ఆ గేట్‌వే మన వీధిలోనే ఉండాలి. కొత్త ఫైబర్ రౌటర్ అడుగున అంటించిన కాగితం చూడమంటే 192.168.0.1 అని ఉంది. కంప్యూటర్ 1వ వీధిలో, రౌటర్ 0వ వీధిలో. రెండూ ఒకే కేబుల్‌కు అటూ ఇటూ ఉన్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, విద్యుత్ సంకేతాలు నిక్షేపంగా చేరుతున్నాయి. కంప్యూటర్ "192.168.1.1 ఎవరు? మీ హార్డ్‌వేర్ అడ్రసు చెప్పండి" అని కేక వేస్తోంది. ఈ కేకను ఏఆర్‌పీ అంటారు. రౌటర్‌కు కేక వినబడుతోంది. అయితే ఆ నంబరు తనది కాదు కాబట్టి పలకడం లేదు. ఎవరూ పలక్కపోతే ఆ డేటా కంప్యూటర్ దాటి బయటికి వెళ్లదు.

ఫోన్ కలిపినప్పుడు ఎందుకు పనిచేసిందో కూడా దీనితోనే అర్థమవుతుంది. ఐపీ సెట్టింగులు మొత్తం కంప్యూటర్‌కు కలిపి ఒకటే ఉండవు, ప్రతి నెట్‌వర్క్ అడాప్టర్‌కూ విడివిడిగా ఉంటాయి. యూఎస్‌బీ ద్వారా ఫోన్ కలపగానే విండోస్ దాన్ని ఒక కొత్త అడాప్టర్‌గా చూసింది. కొత్త అడాప్టర్‌లో ఎవరూ నంబర్లు టైపు చేయలేదు కాబట్టి, ఫోన్‌నే అడిగి నంబరు తెచ్చుకుంది. మీ ఇంట్లో ఇలాంటి తంటా వస్తే ముందుగా ఈ పరీక్ష చేసి చూడండి. దోషం అడాప్టర్ సెట్టింగుల వైపు ఉందా, ఇంకెక్కడైనా ఉందా అన్నది రెండు నిమిషాల్లో తేలుతుంది.

మరి యూట్యూబ్ ఎలా వచ్చింది?

నిజం చెప్పాలంటే నన్ను కాసేపు తికమక పెట్టింది ఇదే. గేట్‌వే అందకపోతే ఏ సైటూ రాకూడదు కదా.

జవాబు ఐపీవీ6. ఇది 128 బిట్ల కొత్త అడ్రసుల పద్ధతి. ఇందులో రౌటర్ "ఈ వీధి పేరు ఇదీ" అని అప్పుడప్పుడూ అందరికీ చాటుతూ ఉంటుంది. అది విన్న కంప్యూటర్ మిగతా భాగాన్ని తానే కూర్చుకుని పూర్తి అడ్రసు తయారు చేసుకుంటుంది. ఈ పద్ధతి వాడకంలో ప్రపంచంలో ముందున్న దేశాల్లో మన దేశం ఒకటి. కొత్త మొబైల్, ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి ఇది మనం అడగకుండానే వస్తోంది. కేబుల్ నెట్ కుర్రాడు నంబర్లు టైపు చేసింది ఐపీవీ4 పెట్టెలో మాత్రమే. ఐపీవీ6 పెట్టె ఆటోమేటిక్‌గానే ఉండిపోయింది.

అంటే ఆ కంప్యూటర్‌కు రెండు దారులున్నాయి. పాత దారి మూసుకుపోయింది, కొత్తది తెరిచి ఉంది. యూట్యూబ్‌కు రెండు రకాల అడ్రసులూ ఉన్నాయి కాబట్టి బ్రౌజర్ కొత్త దారిలో వెళ్లిపోయింది. దరఖాస్తు సైటు అడ్రసు వెతికి చూస్తే ఐపీవీ4 మాత్రమే దొరికింది. దానికి పాత దారి తప్ప వేరే లేదు. "కొన్ని సైట్లు వస్తున్నాయి, కొన్ని రావట్లేదు" అని ఎవరైనా చెబితే వైరస్ అనో, బ్రౌజర్ పాడైందనో అనుమానిస్తాం. ఇకపై ఈ రెండు దారుల సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

నంబరు అద్దెకు ఇచ్చే పద్ధతి

ఇలా చేత్తో టైపు చేసి స్థిరంగా ఉంచేదాన్ని స్టాటిక్ అడ్రసు అంటారు. అడిగి తీసుకునేది డైనమిక్. ఆ అడగడానికీ ఇవ్వడానికీ ఉన్న నియమావళి పేరు డీహెచ్‌సీపీ.

దీనికి ముందు 1985లో బూట్‌పీ అని ఒకటి వచ్చింది. హార్డ్ డిస్క్ లేని కంప్యూటర్లు ఆన్ కాగానే తమ అడ్రసు ఏమిటో తెలుసుకోవడానికి అది పనికొచ్చేది. కానీ ఏ యంత్రానికి ఏ నంబరో నిర్వాహకుడు ముందే పట్టికలో రాసి ఉంచాలి. ల్యాప్‌టాప్‌లు వచ్చి మనుషులు కంప్యూటర్లను చంకన పెట్టుకుని తిరగడం మొదలయ్యాక ఆ పట్టిక నిర్వహించడం కష్టమైంది. అమెరికాలోని బక్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ డ్రోమ్స్ రాసిన డీహెచ్‌సీపీ ప్రమాణం 1993 అక్టోబరులో వెలువడింది. 1997 మార్చిలో సవరించిన రూపమే నేటికీ మన ఇళ్లలోని రౌటర్లకు ఆధారం. ఇందులోని అసలు కొత్తదనం, నంబరును ఇచ్చేయడం కాకుండా కొంత గడువుకు అద్దెకు ఇవ్వడం.

యాత్రాస్థలంలో సత్రాన్ని ఊహించుకోండి. గదులు వంద, వచ్చేవాళ్లు వేలు. అయినా ఇబ్బంది లేదు, అందరూ ఒకేసారి ఉండరు కాబట్టి. గుమస్తా రిజిస్టరు చూసి ఖాళీ గది ఇస్తాడు, ఇరవై నాలుగు గంటలకు అని రాసుకుంటాడు. రౌటర్‌లో ఉండే డీహెచ్‌సీపీ సర్వర్ ఆ గుమస్తా.

అయితే కంప్యూటర్ గుమస్తాను వెతుక్కోవడంలో ఒక చిక్కు ఉంది. దానికి తన చిరునామా లేదు, గుమస్తా ఎక్కడున్నాడో తెలియదు. ఉత్తరం రాయాలంటే పంపేవారి అడ్రసు, అందేవారి అడ్రసు రెండూ కావాలి. అందుకని పంపేవారి చోట 0.0.0.0 అని, అందేవారి చోట 255.255.255.255 అని రాస్తుంది. మొదటిదానికి అర్థం "నేనింకా ఎవరినీ కాను". రెండోదానికి అర్థం "ఈ తీగ మీద ఉన్న అందరికీ". ఈ మొదటి కేక పేరు డిస్కవర్. రౌటర్ ఖాళీ నంబరు ఒకటి చూసి "ఇది తీసుకుంటావా?" అంటుంది. అది ఆఫర్. కంప్యూటర్ "అదే ఇవ్వండి" అని రిక్వెస్ట్ పంపుతుంది. రౌటర్ "సరే, రాసుకున్నాను" అని అక్‌నాలెడ్జ్ చేస్తుంది. నాలుగు మాటల్లో పని పూర్తి.

మూడో మాట కూడా అందరికీ వినబడేలా కేక వేయడంలో ఒక తెలివి ఉంది. ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు గుమస్తాలు ఉండి ఇద్దరూ గది చూపించి ఉండవచ్చు. "ఫలానా ఆయన ఇచ్చిన గది తీసుకుంటున్నాను" అని బహిరంగంగా చెబితే రెండో ఆయన తను పక్కన పెట్టిన గదిని మళ్లీ ఖాళీల్లో కలుపుకుంటాడు. ఇక ఇన్ని కేకల మధ్య ఏ జవాబు ఎవరిదో తెలియాలి కదా. అందుకు కంప్యూటర్ ప్రతి సంభాషణకూ 32 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి ఎంచుకుంటుంది. జవాబులో అదే సంఖ్య ఉంటేనే తనది అనుకుంటుంది.

గది తాళంతో పాటు భోజనశాల ఎటు, దర్శనం క్యూ ఎటు అని చెప్పినట్టు, రౌటర్ కూడా అడ్రసుతో పాటు సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ సర్వర్, అద్దె గడువు అన్నీ కలిపి ఇస్తుంది. క్యాలెండరు కాగితం వెనక మావయ్య రాసుకున్నవి ఇవే. రౌటర్ మారితే అది ఇచ్చే వివరాలూ మారతాయి, వాటితో కంప్యూటర్‌లోవీ మారతాయి. సొరుగులో కాగితానికి ఆ వీలు లేదు.

గడువు సంగతి ఇంకా బాగుంటుంది. 24 గంటలకు ఇచ్చారనుకుందాం. మామూలుగా సగం గడిచాక, అంటే 12 గంటలకే కంప్యూటర్ వెళ్లి పొడిగించమని అడుగుతుంది. మళ్లీ కేకలుండవు, నేరుగా తనకు గది ఇచ్చిన గుమస్తానే అడుగుతుంది. జవాబు రాకపోతే కాసేపు ఆగి మళ్లీ అడుగుతుంది. ఆ కాసేపు ఎంతంటే, తర్వాతి మెట్టుకు మిగిలిన సమయంలో సగం. ఆ తర్వాత మళ్లీ మిగిలినదాంట్లో సగం. ఇలా తగ్గించుకుంటూ పోయి నిమిషం దగ్గర ఆగాలని ప్రమాణంలో ఉంది. భౌతికశాస్త్రం చదివినదాన్ని కాబట్టి నాకు ఇక్కడ రేడియోధార్మిక పదార్థాల అర్ధాయువు గుర్తొచ్చింది. రెండింటికీ ఏ సంబంధమూ లేదనుకోండి. గడువులో 87.5 శాతం, అంటే 21 గంటలు గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే, ఇక ఏ గుమస్తా అయినా సరే అని మళ్లీ అందరికీ కేక వేస్తుంది. 24 గంటలు నిండితే నంబరు వదిలేయాల్సిందే.

ఇంత ముందుగా అడగడం వల్ల మధ్యలో కరెంటు పోయి రౌటర్ ఓ గంట ఆగినా మన నంబరు పోదు. "డైనమిక్" అనే మాట విని నంబరు గంటగంటకూ మారుతుందని చాలామంది భయపడతారు. అదేమీ ఉండదు. రోజూ వాడే కంప్యూటర్‌కు నెలల తరబడి ఒకే నంబరు ఉండటం మామూలే. మారినా తప్పు లేదన్నదే ఆ మాటకు అర్థం.

మార్చే పని, అందులో ఒక ఉచ్చు

మావయ్యను ఒప్పించడానికి ఒక్క మాట చెప్పాను: "కాగితం సొరుగులోనే ఉంది కదా మావయ్యా, పని చేయకపోతే మళ్లీ అవే కొట్టేద్దాం." మీరు మార్చినా ముందు చేయాల్సింది అదే. ఉన్న నంబర్లన్నిటినీ ఫొటో తీసి పెట్టుకోండి.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి, అక్కడి నుంచి ఈథర్నెట్‌లోకి వెళ్లాలి. ఐపీ అసైన్‌మెంట్ అన్న వరుసలో ఎడిట్ నొక్కి, మాన్యువల్ బదులు ఆటోమేటిక్ ఎంచుకుని సేవ్ చేయాలి. వైఫై వాడుతుంటే ఇదే పని ఆ వైఫై నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో చేయాలి. పాత విండోస్‌లలో కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ కనెక్షన్లు తెరిచి, అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 మీద రెండుసార్లు నొక్కితే ఆ నంబర్ల పెట్టె కనిపిస్తుంది. అందులో పైనున్న "ఆబ్టెయిన్ యాన్ ఐపీ అడ్రస్ ఆటోమేటికల్లీ" ఎంచుకోవాలి. లైనక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగుల్లోని ఐపీవీ4 పేజీలో మాన్యువల్ తీసేసి ఆటోమేటిక్ పెట్టాలి.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఉచ్చు ఉన్నది ఇక్కడే. అదే పెట్టెలో కింద డీఎన్ఎస్‌కు వేరే గుండీ ఉంటుంది. పై భాగాన్ని ఆటోమేటిక్ చేసినంత మాత్రాన కింది భాగం మారదు. సైటు పేరును ఐపీ అడ్రసుగా మార్చి చెప్పేది డీఎన్ఎస్ సర్వర్. మావయ్య కంప్యూటర్‌లో ఉన్నవి పాత కేబుల్ నెట్ వాళ్ల సర్వర్లు. ఇలాంటి సర్వర్లు చాలావరకు వాళ్ల చందాదారులకే జవాబిస్తాయి. వాటిని వదిలేస్తే అడ్రసు కొత్తది వచ్చినా, పేరు చెప్పేవాడు లేక సైట్లు తెరుచుకోవు, లేదా ఆలస్యంగా తెరుచుకుంటాయి. కాబట్టి రెండు గుండీలూ ఆటోమేటిక్‌కు తిప్పాలి.

తర్వాత కేబుల్ పీకి మళ్లీ గుచ్చితే చాలు. కమాండ్ ప్రాంప్ట్ అలవాటున్నవాళ్లు ఐపీకాన్ఫిగ్ కమాండ్‌ను రెన్యూ అన్న మాటతో ఇస్తే కంప్యూటర్ వెంటనే వెళ్లి కొత్త నంబరు అడుగుతుంది. ఆల్ అన్న మాటతో ఇస్తే నంబరు, అది ఇచ్చిన సర్వర్, అద్దె ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తీరుతుంది అన్నీ కనిపిస్తాయి. మా మరదలు చదివి వినిపించిన నంబరు 192.168.0.104. వీధి కలిసింది. పదీ నలభైకి దరఖాస్తు వెళ్లిపోయింది, రసీదు కూడా వచ్చింది. మావయ్య ఆ 104ను కూడా అదే కాగితం మీద రాసుకున్నారు. అది మారవచ్చని చెప్పాను. పర్వాలేదు, ఉండనీ అన్నారు.

మీరు మార్చి చూసినప్పుడు 169.254తో మొదలయ్యే నంబరు కనబడితే దానికి వేరే అర్థం ఉంది. కేక వేసినా ఏ గుమస్తా పలకలేదని, అందుకే కంప్యూటర్ తనకు తానే ఒక తాత్కాలిక నంబరు పెట్టుకుందని. అప్పుడు చూడాల్సింది కేబుల్‌ను, రౌటర్‌ను. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు.

ఇద్దరు గుమస్తాలున్నా ఇబ్బందే. పాత వైఫై రౌటర్‌ను పారేయడం ఎందుకని, మేడ మీద సిగ్నల్ కోసం కొత్తదానికి కలుపుతుంటాం. పాతదానిలో డీహెచ్‌సీపీ ఆపకపోతే రెండూ నంబర్లు పంచడం మొదలుపెడతాయి. కంప్యూటర్ ఎవరు ముందు పలికితే వాళ్లనే నమ్మే ప్రమాదం ఉంది, ఎందుకంటే మామూలు డీహెచ్‌సీపీలో గుమస్తా అసలువాడో కాదో తేల్చే ఏర్పాటు లేదు. ఇంట్లో దీనివల్ల నెట్ పోతుంది, అంతే. ఊరూ పేరూ తెలియని ఉచిత వైఫైలో మాత్రం దొంగ గుమస్తా మన డేటాను తన దారిన మళ్లించవచ్చు. వీపీఎన్ వాడుతున్నా ఇలా దారి మళ్లించే వీలుందని 2024లో భద్రతా పరిశోధకులు చూపించారు.

కంపెనీలు అమ్మే స్టాటిక్ ఐపీ వేరు

ఇంత చెప్పాక ఒకరు అడిగారు: "మరి ఇంటర్నెట్ కంపెనీలు స్టాటిక్ ఐపీకి అదనంగా డబ్బు తీసుకుంటాయి కదా. అంత విలువైనదాన్ని మీరు తీసేయమంటున్నారేమిటి?"

అది వేరే నంబరు. 192.168తో మొదలయ్యేవి ఇంటి గడప దాటని నంబర్లు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి కూడా అంతే. ఎవరైనా తమ ఇంట్లోనో ఆఫీసులోనో వాడుకోవచ్చని 1994లో వీటిని విడిగా కేటాయించారు. మీ ఇంట్లో 192.168.0.104 ఉన్నట్టే మా ఇంట్లోనూ ఉండవచ్చు. రెండిళ్లలో ఒకటో గది ఉన్నట్టే ఇదీ. బయటి ప్రపంచానికి కనిపించేది రౌటర్‌కు అవతల ఉండే పబ్లిక్ అడ్రసు. కంపెనీలు డబ్బు తీసుకుని స్థిరంగా ఇచ్చేది దాన్నే.

ఆ పబ్లిక్ అడ్రసులకు కరువు. 32 బిట్లలో సాధ్యమయ్యేవి మొత్తం సుమారు 429 కోట్లు. ప్రపంచ జనాభా అంతకు దాదాపు రెట్టింపు. అంతర్జాతీయంగా పంచే సంస్థ ఐయానా తన దగ్గరున్న చివరి పెద్ద కట్టలను 2011 ఫిబ్రవరి 3న ఇచ్చేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ ప్రాంతం కూడా చివరి కట్టకు చేరి రేషను మొదలుపెట్టింది. మన దేశంలో కోట్లమంది ఇంటర్నెట్‌లోకి అడుగుపెట్టింది ఆ తర్వాతే. అందుకే చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రసును అనేక ఇళ్లకు కలిపి ఇస్తున్నాయి. మీ రౌటర్ పేజీలో బయటి వైపు అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరూ అలాంటి ఉమ్మడి అడ్రసు వెనక ఉన్నట్టే. అలాంటప్పుడు ఇంటి సీసీ కెమెరాను బయటి నుంచి నేరుగా చూడటం కుదరదు. ఇంట్లో కంప్యూటర్‌కు ఎన్ని స్టాటిక్ నంబర్లు కొట్టినా ప్రయోజనం ఉండదు.

నంబరు ఇలా చేతులు మారుతున్నప్పుడు, "ఈ అడ్రసు ఎవరిది?" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఏ రోజు, ఏ గంటకు, ఏ సెకనుకు అని కూడా అడగాలి. 2007లో బెంగళూరుకు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఆర్కుట్‌లో ఛత్రపతి శివాజీని కించపరిచే చిత్రం పెట్టారన్న ఆరోపణ మీద పుణె పోలీసులు అరెస్టు చేశారు. పట్టిచ్చింది ఒక ఐపీ అడ్రసు. అది ఆయనది కాదని తేలేసరికి ఆయన 50 రోజులు జైల్లో గడిపారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో, సర్వీసు సంస్థలు లాగ్‌లను 180 రోజులు దాచాలని ఉంది. వాటి కంప్యూటర్ గడియారాలను ఎన్ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో కలిపి ఉంచాలని కూడా ఉంది. దేశానికి ప్రామాణిక సమయం చూపే అణు గడియారాలున్నది ఆ ప్రయోగశాలలోనే. సమయం తప్పితే రిజిస్టరు అబద్ధం చెబుతుంది. అందువల్ల గడియారం సంగతి చిన్నదేమీ కాదు.

మర్నాడు ప్రింటర్

మర్నాడు ఉదయం మళ్లీ ఫోన్. ఈసారి మావయ్యే. "అమ్మాయ్, నెట్ వస్తోంది గానీ ప్రింటర్ పోయింది" అన్నారు.

నాకే తట్టి ఉండాల్సింది. ప్రింటర్‌కు కూడా ఆ కుర్రాడే 192.168.1.50 అని కొట్టి వెళ్లాడు. నిన్నటి దాకా కంప్యూటర్, ప్రింటర్ రెండూ పాత వీధిలోనే ఉన్నాయి కాబట్టి రౌటర్‌తో పని లేకుండా నేరుగా మాట్లాడుకున్నాయి. ఇప్పుడు కంప్యూటర్ ఒక్కటే ఇల్లు మారింది.

ప్రింటర్, కెమెరా రికార్డరు లాంటివాటికి నంబరు మారకుండా ఉండటం నిజంగానే అవసరం. వాటిని మిగతావి ఆ నంబరుతోనే వెతుక్కుంటాయి. అలాగని కొత్త వీధిలోని ఏదో నంబరును ప్రింటర్‌లో టైపు చేసేస్తే ఇంకో తంటా. రౌటర్ తన రిజిస్టరులో ఆ నంబరు ఖాళీగా ఉందనుకుని రేపు ఏ ఫోన్‌కో ఇచ్చేయవచ్చు. ఒక గదికి ఇద్దరు దిగినట్టవుతుంది. రౌటర్లూ కంప్యూటర్లూ ఇచ్చేముందూ, తీసుకున్నాకా ఓసారి కేక వేసి చూసుకునే పద్ధతులున్నాయి గానీ, ప్రింటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు అది పలకదు కదా.

దీనికి రౌటర్‌లోనే ఉపాయం ఉంది. దాని పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ లేదా అడ్రస్ రిజర్వేషన్ అనే చోట, ఫలానా హార్డ్‌వేర్ అడ్రసు ఉన్న పరికరానికి ఎప్పుడూ ఫలానా నంబరే ఇవ్వాలి అని రాసి పెట్టవచ్చు. పరికరం మాత్రం ఆటోమేటిక్‌లోనే ఉంటుంది. అది అడుగుతుంది, రౌటర్ ప్రతిసారీ అదే నంబరు ఇస్తుంది. రాసేది ఒక్కచోటే. ఫోన్లకు ఇలా చేయాలంటే ఒక జాగ్రత్త కావాలి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు గోప్యత కోసం అసలు హార్డ్‌వేర్ అడ్రసు దాచి, నెట్‌వర్క్‌కు ఒకటి చొప్పున మారు అడ్రసు చూపిస్తున్నాయి.

మావయ్య ప్రింటర్‌ను ముందు ఆటోమేటిక్‌కు మార్చాం. సెట్టింగుల పేజీ అచ్చు తీస్తే హార్డ్‌వేర్ అడ్రసు దొరికింది. దానికి 192.168.0.50 రిజర్వ్ చేశాం. తర్వాత కంప్యూటర్‌లో పాత ప్రింటర్‌ను తీసేసి, కొత్త నంబరుతో మళ్లీ చేర్చాం. మొత్తం ఇరవై నిమిషాల పని. మొదట అచ్చు వేసింది ముందు రోజు రాత్రి దరఖాస్తు రసీదునే.